నాయన వేసిన మాట్లు

మా తమ్ముడంటే నాకు అసూయ ఉండేదని మర్యాదగా రాయవచ్చు. కానీ అది అసూయ కాదు, కుళ్ళు. వాడు పుట్టిన ఏడాది మొదలైంది, ఇద్దరికీ జుట్టు నెరిసినా పూర్తిగా పోలేదు. పాపం, అందులో వాడి తప్పేమీ లేదు. తప్పంతా మా నాయనది.

నాయనకు తిరుపతిలో పాత్రల అంగడి ఉండేది, గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో. ఇత్తడి బిందెలు, రాగి గుండిగలు చేసేవాడు. చిల్లు పడ్డవాటికి మాటు వేసేవాడు. చిల్లు మీద చిన్న ముక్క పెట్టి, వెలిగారం చల్లి, కొలిమిలో కాచి అతికించి, సుత్తితో సాపు చేసి, అరగదీసేవాడు. తర్వాత వేలితో తడిమినా చిల్లు ఎక్కడుండేదో తెలిసేది కాదు. బిందె తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు అది తమదేనా అని అనుమానపడేవాళ్ళు. నాయన ముసిముసిగా నవ్వుకునేవాడు.

చిన్నప్పుడు ఆ కొలిమి దగ్గరే పని నేర్చుకున్నాను. మీసాలు వచ్చే వయసులో మోటార్ల పిచ్చి పట్టి, చిత్తూరులో ఒక బస్సుల షెడ్డులో చేరాను. నాయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక అన్న మొదటి మాట, "ఆ నూనె సేతుల్తో గిన్నెలు ముట్టొద్దు" అని. నేను చేసే పనేమిటో ఏనాడూ అడగలేదు, షెడ్డు గుమ్మం తొక్కలేదు.

సరే, ఆయన పట్టుదల ఆయనది అనుకున్నాను. కానీ యుద్ధం వచ్చి తమ్ముడు పట్టాళంలో చేరి, అక్కడ లారీలు బాగుచేసే పనిలో పడ్డాడు. అవే నూనె చేతులు! అంగడికి వచ్చిన ప్రతివాడికీ నాయన, "మా సిన్నోడు పట్టాళంలో మోటార్లు సూస్తాడు" అని చెప్పుకునేవాడు. ఆ మాట నా చెవిన పడ్డ రోజు నాకు కడుపు మండిపోయింది. నేను మాత్రం చిత్తూరులో చూస్తున్నదేమిటి, మేకలా?

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. వెనక ఒక పొయ్యి కట్టి, బొగ్గు కాల్చి, ఆ వాయువును ఇంజనుకు పంపేవాళ్ళు. గొట్టాల్లో బూడిద, తారు పేరుకుని బస్సు ఎక్కడ పడితే అక్కడ నిలిచిపోయేది. నేను గొట్టాలు విప్పడం, దులపడం, అరచెయ్యి అడ్డం పెట్టి గాలి ఎంత వస్తోందో చూడటం, ఇదే పని. దగ్గితే నల్లగా పడేది. ఆ రోజుల్లో నాయన, తమ్ముడి నుంచి మనియార్డరు వచ్చిందని వీధి వీధంతా చాటాడు.

యుద్ధం అయిపోయి తమ్ముడు ఇంటికి వచ్చాడు. ఖాకీ నిక్కరు, చేతికి గడియారం, మాటకు ముందొక ఇంగ్లీషు ముక్క. వచ్చి ఊపిరి తీసుకోకముందే వాడికి బాగుచేయడానికి ఒక కారు దొరికింది. పుత్తూరు వైపు ఒక జమీందారు గారి అల్లుడిది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, గుడ్డ టాపు, ఆకుపచ్చ రంగు. అది పందేల కోసం తెల్లదొరల సీమలో చేసిన కారు. పెట్రోలు కరువులో పశువుల కొట్టంలో పడి ఉంది. ఆ అల్లుడు గారికి దాన్ని మళ్ళీ నడపాలని పుట్టింది. కొత్తగా వేసిన ఘాటు రోడ్డు మీద, తన కొడుకు పుట్టువెంట్రుకలకు ఆ కారులోనే కొండెక్కాలట. కారు కొండెక్కితే అలిపిరి దారిలో జాగా ఇచ్చి, తమ్ముడికి సొంత షెడ్డు పెట్టిస్తానన్నాడు.

సొంత షెడ్డు! అన్నేళ్ళు బూడిద మింగిన నాకు సొంతంగా ఒక పానా కూడా లేదు. ఆ కబురు విన్న రోజు షెడ్డులో అందరి మీదా అరిచాను.

తర్వాత కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం బస్సు కింద పడుకుని ఉంటే, పక్కన రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. ఆ కాళ్ళు నాకు తెలుసు. కొలిమి నిప్పురవ్వలు పడి మచ్చలు మచ్చలుగా ఉంటాయి. నాయన నా షెడ్డుకు వచ్చాడు. బయటికి పాకి, చేతులు తుడుచుకుని, కూర్చోవడానికి పెట్టె జరిపాను.

ఆయన కూర్చోలేదు. "ఆ కారు కొండెక్కడం లేదురా. సిన్నోడు అన్నం గూడా సరిగ్గా తినడం లే. నువ్వొచ్చి ఒకసారి సూడరాదా?" అన్నాడు.

అదన్నమాట సంగతి. జరిపిన పెట్టెను మళ్ళీ కాలితో వెనక్కి తోశాను.

"నాకేం తెలుసు నాయనా? వాడు పట్టాళంలో నేర్చుకోని వచ్చినోడు" అన్నాను.

"నీకు తెలవదని నేను యాడ అన్నాను?"

ఆయన నా పని గురించి అంతకంటే మంచిమాట అంతవరకూ అనలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని బస్సెక్కాను. ఎక్కేముందు నాయన మామిడిపళ్ళు కొన్నాడు. "సిన్నోడికి బేనిషా అంటే పానం" అన్నాడు. నాకూ అదే ఇష్టం. ఆయనకు తెలియదు. పాకాల, చంద్రగిరి దాటేదాకా ఆ పళ్ళ బుట్ట నా ఒళ్ళోనే ఉంది.

తమ్ముడు నన్ను చూసి మొహం వేలాడేశాడు. కారు మాత్రం మెరిసిపోతోంది. ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు, పెట్రోలు గొట్టం ఊదాడు, వాల్వులు నూరాడు. వాడు చేసిన పనిలో వంక పెట్టడానికి వెతికాను, దొరకలేదు. అది ఇంకా మంట.

మర్నాడు పొద్దున అలిపిరి నుంచి పైకి తీసుకెళ్ళాం. వాడు నడుపుతున్నాడు, నేను పక్కన. నిలబెట్టి ఉన్నంతసేపూ ఇంజను బుద్ధిగా ఆడింది. చదును మీద ఫరవాలేదు. ఎత్తు మొదలయ్యాక వాడు యాక్సిలేటరు తొక్కుతున్నాడు, కారు మాత్రం కదలనంటోంది. ఎంత తొక్కితే అంత మూలుగుతోంది. మొదటి మలుపు దాటకముందే నీళ్ళు మరిగి ఆవిరి వచ్చింది. బానెట్టు కింద నుంచి రంగు మాడిన వాసన.

"ఇదేనన్నా, దినామూ ఇదే కత" అన్నాడు వాడు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

దిగి, కారు వెనక్కి వెళ్ళి, పొగ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టాను. వాణ్ణి యాక్సిలేటరు తొక్కమన్నాను. ఇంజను మూలిగింది గానీ, నా చేతికి తగిలిన గాలి ముసలాయన నిట్టూర్పంత కూడా లేదు. బొగ్గు బస్సుల దగ్గర ఆ గాలి కోసమే కదా బతికాను. ఇంజను ఊపిరి పీలుస్తోంది, వదల్లేకపోతోంది. ముందుకు వచ్చి, ఇంజను పక్కన పొగ గొట్టం బిగించే నట్లు వదులు చేసి గొట్టాన్ని కాస్త పక్కకు లాగాను. పొగ అక్కడే బయటికి పోతుంది, సైలెన్సరు దాకా వెళ్ళదు. నేను ఎక్కి కూర్చున్నాక తమ్ముడు మళ్ళీ తొక్కాడు. చెవులు చిల్లులు పడేంత చప్పుడుతో కారు ఎగిరి ఎత్తు మీదికి ఉరికింది. కొండకు నడిచిపోతున్న జనం గోవిందా అంటూ దారి తొలగారు.

"సైలెన్సర్లో ఏదో అడ్డం ఉండాది. దాన్ని నేను తీసుకోని పోయి సూస్తా. నువ్వు ఈడనే ఉండి రేడియేటరు సంగతి సూడు" అన్నాను.

"దాన్ని నాయనే బాగుసేసినాడన్నా. అతుకు ఊడిపోతే ఇచ్చి నేను టైర్లకు మద్రాసు పోయినా. ఎంత బాగా సేసినాడో సూడు" అన్నాడు.

చూశాను. తెలిసినవాళ్ళ కొలిమికి మోసుకుపోయి, నాయన వేసిన అతుకు వెంట ఉలి పెట్టి విప్పాను. సైలెన్సరంటే పైకి ఒక డబ్బా. లోపల ఒక గొట్టం, దాని చివర మూసి ఉంటుంది. గొట్టం నిండా వరసలుగా రంధ్రాలుంటాయి. పొగ ఆ రంధ్రాల్లోంచి డబ్బాలోకి పరుచుకుని, చప్పుడు తగ్గి, బయటికి పోతుంది. నేను విప్పిన గొట్టానికి రంధ్రాలు లేవు. ఒక్కో రంధ్రం మీద ఒక్కో ఇత్తడి మాటు. చెయ్యి దూరని చివర్లో మాత్రం కాసిని మిగిలాయి. ఆ కాసిన్నిటి గుండానే ఇంజను ఊపిరి వదులుతోంది.

మొదట నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చిల్లులు పూడ్చిన మనిషికి గొట్టం నిండా చిల్లులు కనబడితే ఊరుకుంటాడా? తర్వాత గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూశాను, నవ్వు ఆగిపోయింది. అంత అందమైన పని ఆయన చేతిలో నేను చూడలేదు. ఇనుము మీద ఇత్తడి, ఒక్కటి కూడా పొంగలేదు, జారలేదు. ఎవరికీ కనిపించని చోట, డబ్బా లోపల, ఎన్ని రోజులు కూర్చుని చేశాడో. ఆ చేతులు నా షెడ్డు కోసం ఒక నూనె డబ్బాకు కూడా మాటు వేయలేదు. చిన్నోడి కారుకు మాత్రం కనబడని చోట కూడా నగిషీ. అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, కోపంతోనే.

తర్వాత గొట్టాన్ని కాచి, ఒక్కో మాటూ ఉలితో ఊడగొట్టాను. డబ్బా మూసి అతుకు వేశాను. నాయన ఎలా వేస్తాడో నాకు తెలుసు. అచ్చం అలాగే వేశాను. తమ్ముడితో, "మసి పట్టి ఉన్నింది, దులిపినా" అని మాత్రం చెప్పాను.

దీన్ని నా మంచితనం ఖాతాలో వేయకండి. నిజం చెబితే వాడు నవ్వేవాడు. నాయన పనిని చూసి నవ్వే హక్కు కూడా వాడికి దక్కడం నాకు ఇష్టం లేదు. అంతే.

కారు కొండెక్కింది. పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించి, అల్లుడు గారు దిగి వచ్చి మా అంగడి ముందే ఆపాడు. వీధిలో వాళ్ళంతా గుమిగూడి తమ్ముణ్ణి ఆకాశానికెత్తారు. నాయన వంగి, కారు కింద చెయ్యి పెట్టి, సైలెన్సరు అతుకు మీద బొటనవేలు నడిపించాడు. "గట్టిగానే ఉండాది" అన్నాడు. లేచి నన్ను పక్కకు పిలిచాడు.

"లోపల సూసినావా? మేకులూడిపోయి గొట్టమంతా సిల్లులే. అన్నీ పూడ్సినాను. కదల్లేదు గదా?"

"కదల్లేదు నాయనా."

"నువ్వేం సేసినావు మల్ల?"

"మసి దులిపినాను."

"అంతేనా" అని, మళ్ళీ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

చిత్తూరుకు తిరిగి వచ్చాక నాకు నిద్ర పట్టేది కాదు. ఒక ఆదివారం పొద్దున ఏం తోచిందో, నా ఇత్తడి సద్దిగిన్నె బోర్లించి, మేకు పెట్టి ఒక్క దెబ్బ వేశాను. మా ఆవిడ నాకు మతి పోయిందనుకుంది. ఆ గిన్నె పట్టుకుని తిరుపతి బస్సెక్కాను.

నాయన గిన్నె అందుకుని, "ఇది మన అంగడిది కాదే" అన్నాడు. వెలుతురుకు ఎత్తి చిల్లులోంచి చూశాడు. లోపల వేలు పెట్టి తడిమాడు.

"ఇది అరిగి పడిన సిల్లు కాదు. మేకు పెట్టి కొట్టినారు. కావాలని గిన్నెకు సిల్లు పెట్టేటోడు ఉంటాడా యాడన్నా?"

పెళ్ళయి పిల్లలున్న మగవాణ్ణి, తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, గిన్నెను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. గిన్నె తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

"పెద్దోడా, ఆ గొట్టానికుండే సిల్లులు గూడా కావాలని పెట్టినవేనా?"

కాదని అబద్ధం చెప్పి ఉండవచ్చు. నోరు రాలేదు. "పొగ బయటికి పోవాల నాయనా" అన్నాను.

"నా మాట్లు?"

"తీసేసినాను."

"సిన్నోడికి తెలుసునా?"

"తెలవదు."

నాయన కొలిమి వైపు తిరిగి తిత్తి ఊదడం మొదలుపెట్టాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"విప్పినాక మళ్ళా అతుకు ఎవరేసినారు?"

"నేనే."

"దాన్ని నేను తడిమి సూసినాను. నాదే అనుకొన్నాను" అన్నాడు.

గిన్నెకు మాటు వేసి, చాలాసేపు అరగదీసి, నా చేతిలో పెట్టాడు. ఆ గిన్నెలోనే నేను రిటైరయ్యేదాకా సద్ది పట్టుకెళ్ళాను.

తమ్ముడి షెడ్డు బాగా నడిచింది. నాయన పోయిన చాలా ఏళ్ళకు ఒకసారి వాణ్ణి మాటల్లో పెట్టి అడిగాను, నీ పని చూసి నాయన ఎప్పుడైనా తన పనే అనుకున్నాడా అని. వాడు కాసేపు ఆలోచించి, ఎన్నడూ లేదన్నాడు. ఎందుకన్నా అని అడిగాడు. ఊరికే అన్నాను.