గోడ సినిమా

నా చిన్నప్పుడు మేము అమీర్‌పేటలో ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్లం. కంప్యూటర్ కోర్సుల బోర్డులు మా వీధిలో గోడల్ని, బాల్కనీలని, చివరికి కరెంటు స్తంభాలని కూడా కమ్మేసిన రోజులవి. గేటు దాటితే చాలు, ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెట్టేవారు. పదేళ్ల పిల్లనన్న సంగతి కూడా చూసుకునేవారు కాదు. మా నాన్నకి సోమాజిగూడలో ఉద్యోగం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మమ్మ మాతోనే ఉండేది. ఆవిడకి సినిమాలంటే ప్రాణం. మధ్యాహ్నం ఆటకి వెళ్లాలంటే తోడు నేనే. హాల్లో నోరు విప్పితే మాత్రం తొడ మీద గిల్లేది.

మా కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో, నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అన్నయ్య వాళ్లమ్మతో ఉండేవాడు. ఏళ్ల తరబడి శ్రీనగర్ కాలనీ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎవరెవరి దగ్గరో అసిస్టెంటుగా చేసి, చివరికి ఆ ఏడాది సొంతంగా ఒక సినిమా తీశాడు. అది విడుదలైన రోజు మా అపార్టుమెంటంతా స్వీట్లు పంచాడు. వారం తిరక్కుండానే అది ఆడలేదని అందరికీ తెలిసిపోయింది.

కథ చిన్నది. ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేసి, ఉన్న ఇంటి మధ్యలో గోడ కట్టించుకుంటారు. తల్లి ఒకవైపు ఉండిపోతుంది. అంతే. మా వాళ్లు దానికి గోడ సినిమా అని పేరు పెట్టారు. సిమెంటు ఆరేదాకా కూర్చోవాలట అని ఒకరంటే, సున్నం వేయడం రెండో భాగంలో చూపిస్తాడేమో అని ఇంకొకరు. మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర, నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల వరుసలో కూడా ఇవే మాటలు. అన్నయ్య ఎదురుపడితే మాత్రం, ఎలా ఉంది కలెక్షను అని ఆప్యాయంగా అడిగేవారు.

అమ్మమ్మ ఈ మాటలన్నీ వింది. ఒకరోజు భోజనం కాగానే జరీ అంచు చీర కట్టుకుని, పద అంది. పంజాగుట్ట దాకా నడిచాం. ఫ్లైఓవర్లు, మెట్రో లేని పంజాగుట్ట అది. అయినా రోడ్డు దాటేసరికి ఒక గండం గడిచినంత పనయ్యేది. హాల్లో పట్టుమని పాతికమంది లేరు. వాళ్లలో సగంమంది చల్లగా ఉంటుందని వచ్చి నిద్రపోతున్న హాస్టలు కుర్రాళ్లు.

సినిమాలో గోడ వరస వరసగా లేస్తుంటుంది. ఇవతల ఉన్న తల్లి రోజూ ఒక గిన్నెలో కూర పెట్టి గోడ మీద నుంచి రెండో కొడుక్కి అందిస్తుంటుంది. గోడ పెరిగేకొద్దీ ఆవిడ చెయ్యి పైకి సాగుతుంది. ఒకరోజు మునివేళ్ల మీద నిలబడినా అందదు. అక్కడ ఆవిడ మొహం చూపించరు. పాట లేదు, ఏడుపు లేదు. గిన్నె పట్టుకున్న చెయ్యి, చేతికి రెండు మట్టిగాజులు, గోడ. చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగిపోతుంది. పక్కన అమ్మమ్మ నోట్లో వక్కపలుకు నమలడం ఆపేయడం నాకు తెలిసింది.

ఆ తరవాత సినిమా నిజంగానే సాగింది. ఉన్నట్టుండి గోడౌన్‌లో ఒక ఫైటు వచ్చింది. బయటికొచ్చాక అమ్మమ్మ నన్ను ఎలా ఉందే అని అడిగింది. బోరు అన్నాను.

"అది లిఫ్టు దగ్గర అంకులన్న మాట. నువ్వేం చూశావో చెప్పు."

చాలా దూరం నడిచాక చెప్పగలిగాను. ఆ చెయ్యి దిగిపోతుంటే గిన్నె లాక్కుని నేనే అవతలికి ఇచ్చేద్దామనిపించింది అన్నాను.  అమ్మమ్మ నా వేళ్లు గట్టిగా పట్టుకుని రోడ్డు దాటించింది.

ఆ ఆదివారమే మూడో అంతస్తు వాళ్ల గృహప్రవేశం. డాబా మీద షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఆ ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెద్ద ఉద్యోగి, సరదా మనిషి, ఎవరికీ చెడు తలపెట్టే రకం కాదు. కొసరి కొసరి వడ్డిస్తూ మా వరస దగ్గరికి వచ్చేసరికి ఆయనకి ఏమనిపించిందో, పప్పు గిన్నె తల మీదికెత్తి, మునివేళ్ల మీద నిలబడి, గొంతు వణికిస్తూ "నాయనా, గోడవతల ఉన్నావా" అన్నాడు. డాబా అంతా గొల్లున నవ్వింది. మా నాన్న కూడా నవ్వారు. ఎదురు వరసలో ఉన్న అన్నయ్య సైతం నవ్వాడు. అందరితో పాటు నవ్వేస్తే అయిపోతుందనుకునే మనిషి నవ్వు అది. మా పక్కన కూర్చున్న వాళ్లమ్మ మాత్రం కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి, కుడిచెయ్యి ఒళ్లో దాచుకుంది.

అమ్మమ్మ లేచి నిలబడలేదు. గొంతు కూడా పెంచలేదు. నవ్వులు కాస్త సద్దుమణిగేదాకా ఆగి, ఎదురు వరసలోకి చూసి మాట్లాడింది.

"బాబూ, నీ సినిమా చూశాను. ఆ గిన్నె అందని సీను చూసి ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేకపోయాను. ఎన్నో సినిమాలు చూశానుగానీ, ఒక తల్లి ఓడిపోవడం అలా ఎవరూ చూపించలేదు. రెండో సగం సాగింది. ఆ ఫైటు ఎందుకో నాకు అర్థం కాలేదు."

"ప్రొడ్యూసర్ పెట్టమన్నడు, అమ్మమ్మా," అన్నాడు అన్నయ్య. నవ్వు పోయింది మొహంలో.

"అలాగా. అది తీసేస్తే బాగుండేది." తరవాత ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడిన ఇంటాయన వైపు తిరిగింది. "మీరు చూశారా బాబూ?"

"టైమెక్కడిదండీ. ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను."

"చూసి బాలేదంటే ఎవరూ కాదనరు. అతను ఇన్నేళ్లు కష్టపడింది ఒక పూట కూర్చుని చూడకుండానే కొట్టిపారేస్తే ఎలా?"

 ఇంటాయన మొహం చిన్నబోయింది. పెరుగు వడ్డించమని ఎవరో లోపలికి కేకేశారు. నాన్న తలవంచుకుని తిన్నారు. కిందికి దిగాక, శుభమా అని పిలిస్తే మనకెందుకండీ ఇవన్నీ అన్నారు అమ్మమ్మతో. పిలిచిన చోటే కదయ్యా ఆ పిల్లాణ్ణి కూడా పిలిచారు అంది ఆవిడ. ఆ తరవాత చాలా రోజులు మూడో అంతస్తు వాళ్లు మాతో ముక్తసరిగానే ఉన్నారు. అమ్మమ్మ మాటతో అక్కడ ఎవరి అభిప్రాయమూ మారలేదు. గోడ సినిమా అన్న పేరు కూడా పోలేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడుగానీ తాగలేదు.

"అందులో అమ్మ వేషం వేసినామె ఆ రోజు షూటింగ్‌కి రాలే, అమ్మమ్మా. షూటింగ్ ఇల్లు ఖాళీ చేసిచ్చే టైమైంది. మా అమ్మనే నిలబెట్టిన. ఆ చెయ్యి మా అమ్మది."

డాబా మీద ఆవిడ చెయ్యి ఎందుకు దాచుకుందో అప్పుడు తెలిసింది మాకు.  ఆవిడ సినిమా చూసిందా అని అడిగింది అమ్మమ్మ. లేదన్నాడు. ఖాళీ హాలు చూస్తే బాధపడుతుందని తనే వద్దన్నాడట.

శుక్రవారం కొత్త సినిమా వచ్చేస్తుంది. అందుకని గురువారం మధ్యాహ్నం అమ్మమ్మ, అన్నయ్య వాళ్లమ్మని వెంటబెట్టుకుని బయల్దేరింది. నన్ను బడి మాన్పించి మరీ తీసుకెళ్లింది. హాల్లో వాళ్లమ్మ నడుం వంచి, ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు ఖాళీ వరసలోకి వచ్చి కూర్చుంది. గోడ సీను వచ్చింది. తెర నిండా ఆవిడ చెయ్యి. ఆవిడ ఒక్కసారి తన చేతిని చూసుకుని, మళ్లీ తెర వైపు చూసింది. వెనక ఎక్కడో నిద్రలేచిన హాస్టలు కుర్రాడొకడు, అయ్యో అన్నాడు, చిన్నగా. ఆ మాట మా ముగ్గురికీ వినపడింది.

"గాజులు తీసేస్తనన్న బిడ్డా," అంది ఆవిడ హాలు బయటికొచ్చాక, నాతో. "ఉండనీయమ్మా, గట్లనే మంచిగుంటదన్నడు. మంచిగనే ఉంది."

ఆ మాట కొడుకుతో కూడా అందట. ఇంకెవరేమన్నా ఫికర్ లేదని అతను అమ్మమ్మకి చెప్పాడు. నిజంగా ఫికర్ లేకుండా పోయిందో లేదో నాకు తెలియదు. అతను మళ్లీ సినిమా తీయలేదు. కొన్నాళ్లు సీరియళ్లకి పనిచేశాడు. తరవాత మేం బేగంపేటకి మారిపోయాం, జాడ తెలియలేదు. ఆ సినిమా కూడా నాకు మళ్లీ ఎక్కడా కనపడలేదు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. మా పిల్లలు ఫోనులో పావుగంట చూసి, వేస్ట్ అని పక్కన పడేస్తుంటారు. నేను వాదించను. నువ్వేం చూశావు అని మాత్రం అడుగుతాను. నలుగురూ నవ్వుతున్నది నాకు నచ్చితే, నచ్చిందని అక్కడే, చేసిన మనిషి ఎదుటే చెబుతాను. నచ్చని ముక్క కూడా చెబుతాను. అలా చెప్పిన ప్రతిసారీ నా గుండె దడదడలాడుతుంది. ఇంత వయసొచ్చినా ఈ భయమేమిటని మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు పడను. ఆ రోజు డాబా మీద అంత నిదానంగా మాట్లాడుతున్న అమ్మమ్మ, విస్తరి కింద నుంచి నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆవిడ చెయ్యి చల్లబడి, వణుకుతూ ఉంది.