చింతమొక్కకి ఉప్పు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్ళు నా పరికిణీ రోజులనుకుంటారు. కాదు. ఇది మొన్నమొన్నటి సంగతి, నాకప్పటికే అరవై నిండాయి. పిల్లలు చేసే వెధవపనులేవీ చిన్నప్పుడు నేను చెయ్యలేదు. నాలుగో తరగతిలో బడి మాన్పించి మా అమ్మ నన్ను ఉద్దానం తోటలో కొబ్బరిమట్టలు ఏరడానికి పంపితే, అటునుంచి అటే పెద్దదాన్నయిపోయాను. అబద్ధమాడటం, చేసింది దాచడం, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడం పదేళ్ళ వయసులో అయిపోవలసినవి, నాకు మిగిలిపోయాయి. అవన్నీ కలిపి అరవై దాటాక, మా కోడలి చింతమొక్క దగ్గర ఒక్కసారే చేశాను.

మా కోడలిది నందిగాం. టెక్కలిలో మా ఇంటికి దగ్గరే ఒక బడిలో పాఠాలు చెబుతుంది. కాపురానికొచ్చిన రోజున సారె బిందెల పక్కన వెడల్పాటి మట్టిపళ్ళెం ఒకటి దింపారు, అందులో జానెడు ఎత్తున చింతచెట్టు. కొమ్మలూ, మొదలూ, మొదలు మీద ముడతలూ అన్నీ పెద్దచెట్టుకున్నట్టే ఉన్నాయి. బోన్సాయ్ అట. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న గింజ నాటి, తీగలు చుట్టి, వేళ్ళు కత్తిరించి పెంచాడట. పెళ్ళికి ముందే ఆయన పోయాడు. "ఏటే అమ్మా, పన్నెండేళ్ళకి ఇంతేనా? తిండి పెట్టలేదేటి దీనికి?" అన్నాను. "ఎక్కువ పెట్టకూడదు అత్తా, అలగే పెంచాలి" అని నవ్వింది. ఆ మాట నాకు బాగా నచ్చింది. (పెద్దగా తిండి పెట్టకుండా పెంచగలిగే ప్రాణి మా ఇంట్లో అదొక్కటే.)

ఒక రోజు కోడలు బడికి వెళ్ళాక ఒక కుర్రాడు బండి మీద పార్సిలు తెచ్చాడు. "ఏటుంది బాబూ ఇందులో?" అని అడిగాను. "రాళ్ళమ్మా. మొక్కల కింద పెట్టుకునే తెల్ల స్ఫటికాలని రాసుంది" అన్నాడతను. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా టెక్కలి గ్రానైటు రాళ్ళు ఓడలెక్కి దేశాలు పోతంటే, టెక్కలికే రాళ్ళమ్మడానికొచ్చినావా? మాకొద్దు. పట్టుకెల్లిపో" అని గేటు వేసేశాను. అతని బండి మలుపు తిరిగాక భయం మొదలైంది. చెట్టు కింద సెలయేరు పారుతున్నట్టు ఆ రాళ్ళు పేరుస్తానని కోడలు వారం నుంచీ ఫోనులో బొమ్మలు చూపిస్తూనే ఉంది.

మర్నాడు నౌపడ వైపు ఒక పేరంటానికి వెళ్ళాను. దారిలో ఉప్పుమళ్ళ గట్టు మీద బొటనవేలంత ఉప్పుగల్లులు ఎండలో తళతళలాడుతున్నాయి. ఫోనులో చూసిన రాళ్ళు అచ్చం అవే! పైగా మా ఉద్దానంలో కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేస్తాం. ఉప్పు తిన్న చెట్టు కాయ నిలుపుతుందని మా అమ్మ చెప్పేది. అందానికి అందం, ఎరువుకి ఎరువు అనుకున్నాను. అక్కడ పనిచేసే ఆవిడని అడిగితే "తీసుకో అమ్మా, దానికేటుంది" అని నా కొంగులోకి రెండు దోసిళ్ళు పోసింది. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ చింతచెట్టు చుట్టూ పేర్చాను. నిజం చెప్పొద్దూ, ఏరు పారినట్టే ఉంది.

సాయంత్రం కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తా, పార్సిలొచ్చేసిందా!" అంది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. "ఆఁ, వచ్చింది. నేనే ఇప్పి పేర్సినాను" అని వచ్చింది నోట్లోంచి. "ఎంత బాగా పేర్సినావు అత్తా!" అని ఫొటో తీసుకుంది. ఆ ఇంట్లో నా పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. (పార్సిలు తిరిగిపోయిన కబురు ఫోనుకి రాదా అని మీరడగవచ్చు. వచ్చే ఉంటుంది. అవి పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, ఆ పిల్లకి తీరిక లేదు. దొంగకి కాలం కలిసిరావడమంటే అదే.)

రోజూ పొద్దున్నే కోడలు చెట్టు మీద నీళ్ళు చల్లేది. వారం తిరక్కుండా "అత్తా, రాళ్ళు సిన్నవైనట్టు లేవూ?" అంది. "కొత్తలో అలగే ఉంటాయి, సర్దుకుంటాయి" అన్నాను, అవేవో కాపురానికొచ్చినట్టు. తర్వాత ఆకుల చివర్లు మాడాయి. రాలడం మొదలైంది. బలం చాలలేదనుకుని, ఎవరూ లేనప్పుడు వంటింటి డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తెచ్చి మట్టిలో కలిపాను. నవ్వేవాళ్ళు నవ్వండి. నాకు మాత్రం ఈ చోట నవ్వు రాదు.

సగం చెట్టు బోడిదయ్యాక, ఉద్దానంలో కొబ్బరితోట చూసుకునే మా తమ్ముడి పెళ్ళానికి ఫోను చేశాను. "ఎవరిదో చింతమొక్క, ఉప్పేసినా ఆకు నిలవడం లేదట" అన్నాను. "ఓలమ్మో! సింతకి ఉప్పేటి వదినా? కొబ్బరంటే సముద్రం గాలికి పుట్టింది, ఓర్సుకుంటాది. సింతకేస్తే ఏర్లు మాడిపోవా? ఎవులా తెలివితక్కువ మనిసి?" అంది. "మా పక్కింటావిడ" అన్నాను. "బేగి కడిగించమని సెప్పు ఆవిడికి. లేకపోతే సచ్చిపోద్ది." చెబుతానన్నాను. చెప్పలేదు. రెండు రోజులు చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఊరగాయ జాడీ మూత పగిలిందని ఆ పిల్ల చేత మూడుసార్లు తప్పయిందనిపించినదాన్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ రెండు రోజులూ చెట్టు ఆకులు రాలుస్తూనే ఉంది, నేను ఆ ఆకులు ఊడుస్తూనే ఉన్నాను.

రెండో రోజు సాయంత్రం కోడలు చెట్టు పక్కన నేల మీద కూర్చుని వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడుతోంది. "మొన్న నాన్న సెప్పినట్టే ఏర్లు కోసానమ్మా. ఎక్కడో ఎక్కువ తెగినట్టుంది. నా సేతుల్తోనే సంపేసుకున్నాను. ఇది పోతే నాన్న ముట్టుకున్నదేదీ నా దగ్గరుండదు" అంటోంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. చేతిలో ఆకులు ఊడ్చే చీపురుంది.

తప్పు ఒప్పుకునేటప్పుడు లోకంలో ఎవరైనా గొంతు తగ్గిస్తారు. నాకా విద్య రాదు. "ఏటలా కూకున్నావు? లెగు! సెట్టు పళ్ళెంలోంచి తియ్యి! అవి రాళ్ళు కావు, ఉప్పుగల్లులు. పార్సిలు నేనే తిరగ్గొట్టేసినాను. నువ్వు కోసిన ఏర్లకేటీ కాలేదు, నేనే మాడ్సినాను!" అని అరిచాను. పక్కింటివాళ్ళు నేను కోడల్ని తిడుతున్నానని గోడ మీంచి తొంగిచూశారు. ఆ పిల్ల అరిగిపోయిన గల్లు ఒకటి తీసి నాలికకి తాకించుకుంది. నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

చెట్టుని పైకి తీసి, మట్టి దులిపింది. మా బోరునీళ్ళు ఉప్పన, అవి పనికిరావు. తాగడానికి కొన్న క్యాను ఎత్తుకొచ్చాను. (చుట్టాలు రెండో గ్లాసడిగితే నేను చూసే చూపు మా బంధువులందరికీ తెలుసు.) తను చెట్టుని రెండు చేతుల్తో పట్టుకుంది, నేను పోశాను. ఒక క్యాను అయిపోయింది. రెండోది తెరిచాను. "నెమ్మదిగా అత్తా. దార ఎక్కువైతే ఏర్లు తెగిపోతాయి" అంది. ఆ సాయంత్రమంతా తను నాతో అన్న మాట అదొక్కటే. ధార తగ్గించి పోశాను.

చెట్టు సగం బతికింది. ఎడమవైపు చిగురేసింది, కుడివైపు పెద్దకొమ్మ ఎండిపోయింది. కోడలు దాన్ని నరకలేదు. బెరడు ఒలిచి, పళ్ళు తోమే బ్రష్షుతో రుద్ది, ఎముకలా తెల్లగా చేసింది. చెట్టు ముసలిదిగా కనబడాలని బోన్సాయ్ పెంచేవాళ్ళు కావాలనే ఒక కొమ్మ ఎండబెట్టి ఇలా చేస్తారట. రాళ్ళు మళ్ళీ తెప్పించింది. ఈసారి నేనే గేటు తీశాను. "తీసుకుంటారామ్మా?" అన్నాడతను. "ఇయ్యి. మాటాడకు" అన్నాను.

ఆ చలికాలం కాశీబుగ్గలో మొక్కల ప్రదర్శన పెడితే, రానన్నా వినకుండా నన్ను వెంటబెట్టుకెళ్ళింది. మొక్కలు పరీక్షించే కళ్ళద్దాల పెద్దాయన మా చింతచెట్టు ముందు వంగి, స్ఫటికాల మీదుగా చూసి, ఎండుకొమ్మ దగ్గర ఆగిపోయాడు. "అచ్చం పిడుగు పడిన చెట్టులా ఉందమ్మా. ఈ కొమ్మ ఎవరు ఎండబెట్టారు?" అని అడిగాడు. "మా అత్తగారండీ" అంది కోడలు. మొహంలో నవ్వన్నది లేదు. ఆయన నాకు దణ్ణం పెట్టాడు. "ఏం వాడారమ్మా?"

నేల వైపు చూశాను, సిమెంటు నేల, ఎక్కడా పగల్లేదు. "ఉప్పు, బాబూ" అన్నాను. "అంటే రహస్యం చెప్పరన్నమాట!" అని పెద్దాయన పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. అప్పుడు మా కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడేటట్టు, కళ్ళంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నీళ్ళలో నవ్వెంతో, వాళ్ళ నాన్నెంతో నేనడగలేదు.

అప్పుడు ఎవరో తీసిన ఫొటో కోడలు పటం కట్టించి ముందుగదిలో పెట్టింది. అందులో అందరూ నవ్వుతుంటారు, మధ్యలో ఒక ముసల్ది మాత్రం తల దించుకుని ఉంటుంది. రోజూ ఆ పటం తుడిచేది నేనే. తుడిచినప్పుడల్లా "సాల్లే, తలెత్తవే" అంటాను దాంతో. ఎత్తదు.