ఇంగ్లండు పిల్లవాడి ఓటు

ఈ సాయంత్రం నారాయణగూడ ఫుట్‌పాత్ మీద మగపిల్లల సాహస కథల పాత బ్రిటిష్ కామిక్ ఒకటి కొన్నాను. అందులో ఒక కథలో, కాలిపోతున్న రాకెట్‌లోంచి కెప్టెన్ దూకాడు. పేజీ తిప్పితే, బతికాడో లేదో తెలియాల్సిన చోట చదరంగా కన్నం. ఆ కాగితం వెనకవైపు ‘నచ్చిన కథకు ఓటు వేసి పంపండి’ అన్న శీర్షిక మాత్రం మిగిలింది. ఏ ఇంగ్లండు పిల్లవాడో ఆ ఓటు కూపన్ కత్తిరించి పంపేశాడు.

అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే నా రూమ్మేట్ శ్రీశైలానికి ఈ ఘోరం చూపించాను.

“గా పోరడు ఓటన్న ఏసిండు. నువ్వు ఓట్లనాడు మధ్యాహ్నం దాంక పండుకున్నవ్ గదన్నా,” అన్నాడు.

“వాని ఓటుకు నా కెప్టెన్ పాయె గదరా.”

అదీ సహిస్తాను. కానీ కెప్టెన్ బొమ్మ ఉన్న ప్రతిచోటా ఆ పిల్లవాడు పెన్సిల్‌తో నక్షత్రాలు గీశాడు. అంటే ఓటు ఈ కథకే వేశాడు. గెలిపించడానికి హీరోనే కత్తిరించిన ఈ ఓటరును ఏం చేయాలో మీరే చెప్పండి.