మూసీకి ఎదురు నడిచిన చలికాలం

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లజోడు ముందు పెట్టి, మూసీ ఒడ్డున ఎవరో చలికాలపు నడక ఏర్పాటు చేస్తున్నారనీ, పేరు రాయించుకున్నవాళ్లకు టోపీ ఇచ్చి చివర్లో ఇడ్లీలు కూడా పెడతారనీ చెప్పి, "మూసీ పక్కన ఎవరన్నా సరదాకి నడుస్తరా నానమ్మా?" అని పకపకా నవ్వింది. మేము నడిచేవాళ్లమే అన్నాను. అది నమ్మలేదు, నమ్మమని నేనూ పట్టుబట్టలేదు. పాతబస్తీలో పుట్టి పెరిగిన నా ఈడువాళ్లు ఎవరైనా నమ్ముతారన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను. పైగా మేము నడిచింది సరదాకు కూడా కాదు.

నా చిన్నప్పుడు మేము ఉప్పుగూడలో, రైలు పట్టాలకు ఒక్క గోడ ఇవతల, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. బాపు రైలు గేటు దగ్గర పనిచేసేవాడు. గేటు వేయడం, బండి పోయాక తీయడం, మధ్యలో ఒక బీడీ. మాటతో పనిలేని కొలువు కాబట్టి ఆయనకు మాట తక్కువైందో, మాట తక్కువ మనిషి కాబట్టి ఆ కొలువు కుదిరిందో నేను చెప్పలేను. ఇంట్లో మాటంతా అమ్మదే. బియ్యం ఏరుతూ రాళ్లను తిట్టేది, పొయ్యి అంటుకోకపోతే పొయ్యిని బతిమాలేది, మాదన్నపేట మార్కెట్టుకు పోతే వంకాయల బేరం తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించి, ఇంటికొచ్చి ఆ బేరమంతా మళ్లీ మాకు వినిపించేది.

ఆ ఏడు దసరా వెళ్లాక ఆసుపత్రిలో అమ్మకు కాన్పయింది. ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టిందట. అమ్మకు తెలివి వచ్చేసరికి బాపు, మా మేనత్త భర్త కలిసి ఆ పసిదాన్ని మట్టిలో పెట్టి వచ్చేశారు. అలాంటి బిడ్డను తల్లికి చూపించకపోవడమే మేలని ఆ రోజుల్లో పెద్దవాళ్ల నమ్మకం, అందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అన్నకూ నాకూ మాత్రం చెల్లె దేవుడి దగ్గరికి పోయిందని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు.

అమ్మ ఇంటికి వచ్చి వంట చేసింది, బట్టలు ఉతికింది, నాకు జడ వేసింది. మాట మాత్రం ఆగిపోయింది. ఆకలేస్తుందంటే అన్నం పెట్టేది, పిలిస్తే తల తిప్పి చూసేది, అంతే. రెండు గదుల ఇల్లు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. మేము ఖాలా అని పిలుచుకునే పక్కింటి ముస్లిం ఆమె రోజూ సాయంత్రం వచ్చి అమ్మ తలకు నూనె రాసి, ఇద్దరి మాటలూ తానే మాట్లాడి పోయేది. చాంద్రాయణగుట్ట నుంచి మేనత్త కూడా వచ్చి చూసి, బాపును వాకిట్లోకి పిలిచి, "తమ్మీ, దీన్ని కొన్ని దినాలు తల్లిగారింటికి తోలియ్యి. పిల్లలను నేను తీస్కపోత" అన్నది. తలుపు చాటునుంచి విన్న నాకు, అన్నా నేనూ మేనత్త ఇంట్లో, అమ్మ ఎక్కడో, బాపు గేటు దగ్గర ఒక్కడే ఉన్నట్టు కళ్లముందు కనబడింది.

బాపు తువ్వాల భుజాన వేసుకుని గేటుకు పోయాడు. ఆ సాయంత్రం రెండిళ్ల నడిమి గోడ అవతల నుంచి ఖాలాయే ఆయన్ని పిలిచింది. "భాయ్‌సాబ్, గిట్ల నాలుగు గోడల నడుమ కూసోబెడ్తె ఎట్ల? బయటికి తీస్కపో, నడిపియ్. మాట్లాడకుంటె ఫికర్ చెయ్యకు, కాళ్లయితె కదుల్తయ్ గద."

ఆదివారం బాపుకు సెలవు. పొద్దున్నే చెవులకు తువ్వాల చుట్టుకుని, "చెప్పులేస్కోండ్రి" అన్నాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు. బస్సెక్కి నయాపూల్ దగ్గర దిగాం. అక్కడినుంచి ఒడ్డు దిగి, మనుషులూ బర్రెలూ నడిచి నడిచి పడిన బాట మీద, నదికి ఎదురుగా పడమటి దిక్కు పట్టాం. ఆయన ఆ దారి ఎందుకు ఎంచుకున్నాడో ఈనాటికీ తెలియదు. తోటలున్నాయి, చెరువులున్నాయి, జూ ఉంది. బహుశా టిక్కెట్టు లేనిదీ, ఎవరూ పలకరించనిదీ అదొక్కటే అయి ఉంటుంది. మంచు ఇంకా నీళ్ల మీద ఉంది, ధోబీలు ఉతికిన చాదర్లు బండల మీద పరుస్తున్నారు, మురుగునీటి మడుల్లో బర్రెల కోసం పెంచే గడ్డి నడుమెత్తున పచ్చగా ఉంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచింది. బాపు అదిగో కొంగ, ఇదిగో పాత గోడ అని చెయ్యి చూపడం మొదలుపెట్టి, ఎవరూ పలకకపోతే సిగ్గుపడి మానేశాడు. పురానాపూల్ వరకు వెళ్లి తిరిగి వచ్చాం. దండగ పని చేశానన్నది ఆయన ముఖంలో కనబడింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మ, ఎవరినీ చూడకుండా, "ఆ గడ్డి ఎవరు కోస్తరు?" అన్నది.

అన్ని రోజుల తరువాత వచ్చిన మాట అది. బాపు ఆమె కాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడు. ఆయనకు జవాబు తెలియదు. మరుసటి ఆదివారం పురానాపూల్ దాటగానే మమ్మల్ని నేరుగా మడిలోకి దింపి, కొడవలితో గడ్డి కోస్తున్న ఒకామె ముందు నిలబెట్టి, "మా ఆమె ఏదో అడుగుతదంట" అని తాను పది అడుగులు అవతలికి పోయి బీడీ ముట్టించాడు. అమ్మ అడిగింది. ఆ నీళ్లలో కాళ్లు దురద పెట్టవా అని అడిగింది, ఎన్నాళ్లకొక కోత వస్తుందని అడిగింది. ఆమె పగిలిన పాదాలు చూపించింది. అవతల బాపు బీడీ ఎప్పుడో ఆరిపోయింది, ఆయన దాన్ని పీలుస్తూనే ఉన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం, వెనుకటి వారం ఆగిన చోటికి బస్సులో పోయి అక్కడినుంచి ముందుకు నడవడం మా ఇంటి అలవాటైంది. జియాగూడ దాటాం, అత్తాపూర్ చేరాం. జొన్నరొట్టెలూ ఉల్లికారమూ మూటగట్టుకునేవాళ్లం. పోనుపోను వాసన తగ్గింది, ఒడ్డున కూరమళ్లూ జామచెట్లూ వచ్చాయి. ఒకసారి ఖాలా కూడా ఉడికిన గుడ్లూ కాగితంలో ఉప్పూ తీసుకుని వచ్చింది. ముళ్లకు బురఖా పట్టుకున్నప్పుడల్లా లొల్లి పెట్టేది. "అరె భాయ్‌సాబ్, సముందర్ దాంక నడిపిస్తవా ఏంది?" అంటే, అమ్మ వెనక్కి తిరిగి, "సముద్రం అటుదిక్కు ఆపా, మనం ఎదురు పోతున్నం" అని నవ్వింది. చిన్న నవ్వే. కానీ ఖాలా ఆ తరువాత ముళ్ల గురించి మాట్లాడలేదు.

ఇంతలో ఒక శనివారం మేనత్త మళ్లీ వచ్చింది. అమ్మ తమ్ముడికి కబురు పెట్టాననీ, సోమవారం వచ్చి ఆమెను తీసుకుపోతాడనీ చెప్పి, మా బట్టలు మూటగట్టడం మొదలుపెట్టింది. బాపు అక్కకు ఎదురుచెప్పే మనిషి కాదు. తెల్లవారి అమ్మ అందరికంటే ముందు లేచి రొట్టెలు చేసింది. ఈ చలిలో ఎక్కడికని మేనత్త అడిగితే, "రేపటి సంగతి రేపు వదినా. ఇయ్యాల నడుస్తం" అన్నది.

ఆ రోజు లంగర్‌హౌజ్ కూడా దాటి చాలా దూరం పోయాం. మధ్యాహ్నానికి ఒక వంపు దగ్గర నది రాళ్ల మధ్య సన్నగా పారుతోంది, అడుగున ఇసుక కనబడుతోంది. అమ్మ చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టి ఒక బండ మీద కూర్చుంది. అన్నా నేనూ గులకరాళ్లు విసురుతున్నాం. బాపు వెనక నిలబడ్డాడు. అమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"పిల్ల ఎట్లుండె? నువ్వు చూసినవ్ గద."

అన్న చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. బాపు వచ్చి, ప్యాంటు తడవడం కూడా చూసుకోకుండా, ఆమె పక్కన నీళ్లలోనే కూలబడ్డాడు.

"జుట్టు మస్తుండె. నల్లగ. నొసలు నీ లెక్కనే. వేళ్లు పొడుగు పొడుగున్నయి" అని ఆగి, "కండ్లు మూసుకునే ఉన్నది, నిద్రపోయినట్టె. నీ పచ్చ చీర చింపి చుట్టిన. చలి పెడ్తదేమో అనిపించింది" అన్నాడు.

"నాకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వు అడగలె గద."

"నువ్వు చెప్పలె గద."

అప్పుడు అమ్మ ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. బాపు తువ్వాల నీళ్లలో ముంచి పిండి ఇచ్చాడు, తుడుచుకుంటే మళ్లీ ముంచి ఇచ్చాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే. చాలాసేపటికి అమ్మ లేచి మాకు రొట్టెలు పంచి, తానూ రెండు తిన్నది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. అమ్మ మేనత్తతో, "రేపు తమ్ముడొస్తె కోడికూర వండిపెట్టి పంపుత వదినా. నేనెక్కడికి పోను" అన్నది. మేనత్త ఆమె ముఖం చూసి, మా మూట విప్పి బట్టలు చిలక్కొయ్యకు తగిలించి, ఉల్లిగడ్డలు ఎక్కడున్నాయని అడిగింది.

తరువాత ఇంకొన్ని చలికాలాలు నడిచాం, ఈసారి నిజంగా సరదాకే. అమ్మ ఆగని మాటలు తప్పించుకోవడానికి మేము ముందుకు పరిగెత్తేవాళ్లం. బాపు మోకాళ్లు మొరాయించాక నడక దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డను కాసేపు తల్లి చేతుల్లో పెడుతున్నారని మా కోడలు చెప్పింది. మంచిదే అనుకున్నాను. మా ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న నోటిదాకా రావడానికి నది ఒడ్డున అంత దూరం నడవాల్సి వచ్చింది.

కొన్నేళ్ల కింద అన్నా నేనూ ఆటో కట్టించుకుని ఆ వంపు కోసం వెతికాం. ఒడ్డు పొడుగునా గోడలు, పైన పెద్ద రోడ్డు, దాని స్తంభాలు, కింద తెల్లటి నురగ. బండ ఇటువైపున ఉండేదని అన్న, కాదు వంపు తిరిగాక అని నేను, ఇద్దరం ఎండలో నిలబడి వాదించుకున్నాం. ఎవరి మాట నిజమో తేల్చి చెప్పగలిగిన అమ్మా బాపూ ఇప్పుడు లేరు. ఆటో అబ్బాయి హారన్ కొడితే ఎక్కి కూర్చున్నాం. దారిపొడవునా అన్న తన వైపు నుంచి, నేను నా వైపు నుంచి, ఆ బండ కోసం చూస్తూనే ఉన్నాం.