ఆటో ఎక్కద్దని చెప్పింది నేనే

ఆరేండ్ల సంది ఒక మాట నా గొంతుల అడ్డం పడి ఉంది. మింగుదామంటె దిగదు, కక్కుదామంటె రాదు. ఇంట్ల అందరు నన్ను మంచోడంటరు. గా మంచోడన్న మాటనే నన్ను సంపుతుంది. మీరెవరో నాకు ఎర్క లేదు. నేనెవరో మీకు చెప్ప. పేరు చెప్పే ధైర్యమే ఉంటె మీతోని ఎందుకు చెప్పుకుంట, మా వదినె కాళ్లకాడ కూసొని చెప్తుంటి.

మాది ఆర్మూర్. అన్నకు పసుపు ఆడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపును కొనేటోళ్లకు అమ్మిపెడితె కమీషన్ వస్తది, గదే మా బతుకు. నేనూ గదే దుకాణంల కూసుంట. అంతకుముందు నిజామాబాద్‌ల కొన్ని నెలలు క్రెడిట్ కార్డులు అమ్మే కొలువు చేసిన. టార్గెట్లు కాలేదు, వాపసొచ్చిన. అయినా మా వాడకట్టుల కార్డు సంగతంటె అందరు నన్నే అడుగుతరు. అమ్మలేకపోయినోణ్ణి గదా, నిజం చెప్తనని నమ్మకమేమో.

ఆరేండ్ల కింద వదినెకు రొమ్ముల గడ్డ అయింది. ఆపరేషన్ అయింది. అటెన్క నెలన్నర దాకా, శనివారం, ఆదివారం ఇడిసి రోజు కరెంటు, గదే రేడియేషన్, పెట్టాలన్నరు హైదరాబాద్ దవాఖానల. వదినె తన చెల్లె ఇంట్ల ఉండి పోయి రావాలె. చెల్లె, ఆమె పెనిమిటి పొద్దున్నే కొలువులకు పోతరు. ఈడ పసుపు సీజన్, అన్న దుకాణం ఇడిసి కదలలేడు. వదినెకు బటన్ల ఫోన్ తప్ప ఏం రాదు. గందుకు అన్న నన్ను పిలిచి, రోజు ఆర్మూర్ నుంచే ఫోన్ల కారు బుక్ చేసి పంపు, కిరాయి జర కలిసొచ్చే కార్డేదన్న ఉంటె చూసి తీస్కో, బిల్లు నేను కడుత అన్నడు. నీకు తెలిసినంత మాకు తెల్వదు గదా అన్నడు. గంత నమ్మకం నా మీద.

చూసిన. మస్తు చూసిన. ఆఖరికి రెండు కార్డులు మిగిలినయ్. మొదటిది సాదాది. ఆటో ఎక్కినా, కారు ఎక్కినా, ఏ యాప్‌ల బుక్ చేసినా కిరాయిల కొంత వాపసొస్తది. ఏడాది ఫీజు లేదు. రెండోదానికి ఫీజుంది, షరతులు బండెడున్నయ్. ఒక్క కంపెనీ కార్లకే పాయింట్లు. ఆటోకు లేవు, బైకుకు లేవు, నగదు ఇస్తె లేవు, వాలెట్ల నుంచి కడితె లేవు. కింద సన్నటి అక్షరాలల్ల ఇంక ఎన్ని లేవులున్నయో చదివి చదివి కండ్లు గుంజినయ్. గానీ రెండు నెలలల్ల వాళ్లు చెప్పినంత ఖర్చు గా కార్ల మీదనే పెడితె ఒక విమానం టికెట్ ఊకెనే ఇస్తరు. రోజు దవాఖానకు పోయొచ్చే మనిషికి ఏ కార్డు మేలు? ఎవర్నడిగినా మొదటిదే అంటరు. గవే అమ్మి వచ్చినోణ్ణి, నాకు తెల్వదా? తెలుసు. తెలిసే రెండోది తీసుకున్న. నా పేరు మీద తీసుకున్న. అన్నకు గిదే మంచిదని చెప్పిన.

ఎందుకు? మీకు నవ్వొస్తదేమో. మా దిక్కు బాల్కొండ పోయినా, మోర్తాడ్ పోయినా ఇంటికొకడు గల్ఫ్‌ల ఉంటడు. నాతోని పదో తరగతి ఫెయిలైనోళ్లు గూడ పదిసార్లు విమానం ఎక్కి దిగిండ్రు. సెలవు మీద వచ్చినప్పుడల్ల మా దుకాణం ముంగట కూసొని గవే ముచ్చట్లు: కిటికీ సీటు, కింద మబ్బులు, పళ్లెంల పెట్టి ఇచ్చే అన్నం. నేను డిగ్రీ చదివి పసుపు బస్తాలు తప్ప ఏం ఎక్కలేదని ఒకడు అందరి ముంగట అన్నడు. అందరితోని నేనూ నవ్విన. లోపల మాత్రం కాలింది. పైసలు పెట్టి టికెట్ కొనుక్కోవచ్చు గదా అంటరు. కొనుక్కోవచ్చు. అన్నను అడగాలె గద, ఏం పని మీద పోతున్నవని అన్న అడుగుతడు గద. విమానం ఎక్కాలనిపించిందని ముప్పై ఏండ్లు దాటినోడు ఎట్ల చెప్తడు? గందుకు వదినె రోగంల నుంచి టికెట్ గుంజుకోవాలనుకున్న. గిట్ల రాస్తుంటె చెయ్యి ఆగుతుంది, అయినా ఉన్నది గదే.

మూడో వారంల వదినె ఒక దినం ఆటోల ఇంటికి పోయింది. అదే దవాఖానకొచ్చే ఇంకో ఆడామెతోని కలిసి పోయిందట, కిరాయి సగమే అయిందని సంబురంగ ఫోన్ చేసి చెప్పింది. నాకు కోపమొచ్చింది. కోపం! చెప్పేటందుకు సిగ్గైతుంది. ఆమె పైసలు మిగిల్చిందని నాకు కోపం. గా కోపంల నోటికొచ్చిన అబద్ధం అది. డాక్టరుకు ఫోన్ చేసిన వదినా, ఆటో కుదుపులకు కరెంటు పెట్టినకాడ పుండైతదన్నడు, ఎంత కష్టమైనా కార్లనే పోవాలె అని చెప్పిన. నేను ఏ డాక్టరుకూ ఫోన్ చేయలే. అప్పటికే ఆమెకు గక్కడ తోలు నల్లబడుతుంది. భయపడింది. ఆ దినం సంది ఆటో దిక్కు చూడలే.

ఆ కార్ల బాధ ఒక బాధ కాదు. బుక్ చేస్తె వస్తున్ననంటడు, ఫోన్ చేసి నగదా, ఆన్‌లైనా అని అడుగుతడు. ఆన్‌లైన్ అనంగనే కట్ చేస్తడు. నగదు ఇస్తె నాకు పాయింట్ల లెక్కల రాదు. రోజు గిదే లొల్లి. ఈడ బస్తాల నడుమ కూసొని ఫోన్‌ల కారు బొమ్మ ఎటు తిరుగుతుందో చూసుకుంట తిట్టుకునేటోణ్ణి. యాప్‌ను తిట్టిన, కంపెనీని తిట్టిన, డ్రైవర్లను తిట్టిన. నన్ను నేను ఒక్కసారన్న తిట్టుకున్ననా? లేదు.

మే నెల. కార్డు గడువు ఇంక తొమ్మిది దినాలుంది. గా దినం దవాఖానల మిషన్ ఆలస్యమై, వదినె బయటికొచ్చేసరికి పగటి పూట రెండు దాటింది. లోపలికి రామని డ్రైవర్లు అంటరని, ఆమె రోజు లెక్కనే రోడ్డు మీద గేటు కాడికొచ్చి నిలబడ్డది. మొదటి కారు కట్ చేసిండు. రెండో ఆయన దగ్గరనే ఉన్నడు. నగదైతె రెండు నిమిషాలల్ల వస్త అన్నా అని మంచిగనే అడిగిండు. వదినె సంచిల పైసలున్నయ్, నాకు ఎర్కే. నగదు లేదని చెప్పిన. ఆయన గూడ కట్ చేసిండు. మూడో కారు కోసం చూస్తుంటె వదినె ఫోన్ వచ్చింది.

“మరిదీ, కారు ఇంకెంత దూరం ఉంది? ఎండ మస్తుంది.”

“వస్తుంది వదినా, ఐదు నిమిషాలు.”

“ఈడ ఆటో ఆయన పిలుస్తుండు. నిలవడలేకపోతున్న. ఎక్కుదునా?”

“వద్దు వదినా. డాక్టరు చెప్పింది మర్సినవా? కుదుపులకు పుండైతది.”

“సరే తియ్. నువ్వు గంత ఫికర్ చేస్తుంటె ఎందుకెక్కుత.”

గప్పుడు నా ఫోన్‌ల ఏ కారూ లేదు. వస్తుంది అని చెప్పిన గానీ, ఇంక బుక్ గూడ చేయలే. ఇది ఎవరికీ తెల్వదు. ఆమెను ఆటో ఎక్కమంటె ఏం పోతుండె నాకు? ఒక కిరాయి లెక్క పోతుండె. గంతే. గా ఒక్క కిరాయి కోసం, నాకు ఏడో తరగతి సంది అన్నం పెట్టిన మనిషిని, ఆపరేషన్ అయి నెలలు తిరగని మనిషిని మే నెల ఎండల నిలబెట్టిన. ఇరువై నిమిషాలకు మల్ల ఫోన్ మోగింది. ఆమె నంబరే, గానీ మాట్లాడింది గా ఆటో ఆయన. అమ్మ కండ్లు తిరిగి ఫుట్‌పాత్ అంచుకు పడ్డదన్న, నా ఆటోలనే దవాఖాన లోపటికి తెచ్చిన, చెయ్యి ఇరిగినట్టుంది అన్నడు. పైసలు తీసుకోలేదట ఆయన.

కుడి మోచేతికాడ ఎముక ఇరిగింది. గడ్డ అయిన దిక్కు చెయ్యే. పట్టీ ఏసిండ్రు. కరెంటు పెట్టాలంటె గా చెయ్యి తల మీదికి లేపి పండుకోవాలె. లేవది. పన్నెండు దినాలు ఆగిపోయింది. అన్న హైదరాబాద్ ఉరికిండు. నడుమ గ్యాప్ రావద్దని మొదట్లనే చెప్పినం గదా అని డాక్టరు అన్న మీద కోపం చేసిండు. అన్న వాపసొచ్చినంక దుకాణంల బస్తాల ఎనుక నిలబడి ఏడ్చిండు, నేను చూసిన. నేను దగ్గరికి పోలే. పోయి ఏం చెప్తుంటి?

వదినె మంచిగైంది, దేవుని దయ. మిగిలిన కరెంటు అయింది, రోగం మల్ల రాలే. గా చెయ్యి మాత్రం మునుపటి లెక్క లేదు, పని జర ఎక్కువైతె వాస్తది. ఎండకు పడ్డదన్నరు అందరు. ఎండను తిట్టిండ్రు. నేనూ తిట్టిన.

ఆ టికెట్ ఏమైందని మీరు అడగరేమో గానీ నేను చెప్పాలె. వచ్చింది. వదినె తమ్మి నడుమల ఒకసారి సొంత కార్ల తీసుకపోత అంటె, వద్దు, నేను బుక్ చేసిన అని చెప్పి గడువులోపట లెక్క పూర్తి చేసిన. ఆమె చెయ్యి ఇరిగి పట్టీతోని చెక్ చేయించుకునేటందుకు పోయిన కిరాయిలు గూడ గా లెక్కలనే ఉన్నయ్. మహారాష్ట్రల సాంగ్లీ మార్కెట్ల పసుపు రేట్లు చూసొస్తనని అన్నకు చెప్పి పుణె దాకా విమానం ఎక్కిన. కిటికీ సీటే దొరికింది. మబ్బులు చూసిన. అటెన్క కండ్లు మూసుకొని కూసున్న, దిగినంక బస్సెక్కి సాంగ్లీ పోయిన. గల్ఫ్ దోస్తులకు నేను విమానం ఎక్కిన అని ఇప్పటిదాకా చెప్పలే. చెప్తె టికెట్ ఎట్లొచ్చిందని అడుగుతరు. గంత చేసి, చెప్పుకునేటందుకు గూడ లేకపాయె.

ఇంటికొచ్చినోళ్లందరికీ వదినె ఒక్కటే చెప్తది. మా మరిది ఆర్మూర్‌ల కూసొని నాకు హైదరాబాద్‌ల కారు పెట్టిండు, ఒక్కనాడు ఆటో ఎక్కనియ్యలే, సొంత తమ్ముడు గూడ గంత చూడడు అంటది. దొంగకు తేలు కుట్టినట్టు పక్కన కూసుంట. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఆమె మొకం చూడంగనే ఆగిపోయింది. ఆమె బాధపడతదని ఆగిననా, నా ఇజ్జత్ పోతదని ఆగిననా? నాకు తెలుసు ఏదో.

గిప్పుడెందుకు రాస్తున్ననంటె, పోయిన వారం మోర్తాడ్ నుంచి ఒక ఆమె వచ్చింది. బీడీలు చేస్తది. వాళ్లన్న మా దుకాణంలనే పసుపు అమ్ముతడు, గట్ల తెలిసి వచ్చింది. ఆమెకూ గదే రోగం, వచ్చే సోమవారం సంది హైదరాబాద్‌ల కరెంటు మొదలు. ఎట్లుంటదో అడిగి తెలుసుకుందామని వచ్చింది. వదినె పక్కన కూసోబెట్టుకొని అన్ని చెప్పింది. మెత్తటి బట్టలు కట్టుకో, మంచిగ తిను. అటెన్క చెప్పింది: ఏం చేసినా ఆటో మాత్రం ఎక్కకు, పుండైతది, డాక్టరే మా మరిదికి చెప్పిండు. నేను తలుపు కాడ నిలబడి విన్న. రోజు కారుకు ఎంతైతదని ఆమె అడిగింది. వదినె చెప్పింది. ఆమె ఏళ్ల మీద లెక్కేసుకొని, గట్లైతె రోజిడిసి రోజు పోత తియ్ అక్కా అన్నది.

నడుమ గ్యాప్ వస్తె ఏమైతదో నాకు ఎర్క. నా అబద్ధం వదినెతోనే ఆగిందనుకున్న ఇన్నేండ్లు. ఆరేండ్ల సంది ఎంత మందికి చెప్పిందో ఆమె, ఎంత మంది ఇన్నరో?

ఆమె పోయినంక ఎనుకనే బస్టాండ్‌కు ఉరికిన. చెప్పిన. ఆటోల పోతె ఏం కాదమ్మా, నాకు ఏ డాక్టరూ చెప్పలే, అది నేను ఏసిన అబద్ధం, నువ్వు ఒక్క దినం గూడ ఆపకు అన్న. ఎందుకు చెప్పినవని అడిగింది. విమానం టికెట్ కోసమన్న. ఆమె నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. మీ వదినెకు ఎర్కేనా అని అడిగింది. లేదన్న. బస్సొస్తె ఎక్కింది. నా మాట నమ్మిందో లేదో. కరెంటు పెట్టించుకొని బతికొచ్చిన ఆడదాని మాట నమ్ముతదా, బస్టాండ్‌ల ఉరికొచ్చి ఏదో చెప్పిన మొగోని మాట నమ్ముతదా? నేనైతె వదినె మాటనే నమ్ముదును. వదినె తన నోటితోని కాదంటెనే ఆమె రోజు పోతది. వదినె కాదనాలంటె నేను చెప్పాలె. సోమవారానికి ఇంక మూడు దినాలుంది.

ఇంత రాసినంక ఛాతీల జర తేలికైంది. తేలికైనందుకు నా మీద నాకే కోపమొస్తుంది. వదినె అన్నానికి పిలుస్తుంది. కుడిచెయ్యి బరువు పట్టదు, ఎడమ చేత్తోని వడ్డిస్తది. వడ్డించినప్పుడల్ల, ఏమనుకోకు మరిదీ, ఎడమ చేత్తోని పెడుతున్న అంటది. ఆరేండ్ల సంది రెండు పూటల అంటుంది. ఏమనుకోను వదినా అని నేను తింటున్న.