హోలిస్ ములికికి విరిగిన చెవి

వెల్మా ప్రూయిట్ మా పక్క పొలం ఆవిడ. డెల్మార్ స్టిగాల్ మీద ఆమెకున్న కసి డక్ నది ఒడ్డున తెలియనివాళ్ళు లేరు.

ఒక వసంతంలో ఆమె భర్త హోలిస్ మొక్కజొన్నకి పొలం దున్నుతుంటే చెకుముకి రాతితో చెక్కిన ఈటె ములికి బయటపడింది. విల్లంబులు ఇంకా పుట్టని ఆర్కాయిక్ కాలం నాటిది. నాగలి దెబ్బకి, మొదలు దగ్గర చెవుల్లా పొడుచుకొచ్చిన కొసల్లో ఒకటి విరిగిపోయింది. అయినా హోలిస్ సంబరంగా దాన్ని ములుకులు పోగుచేసేవాళ్ళ సంఘానికి పట్టుకెళ్ళాడు. అక్కడ డెల్మార్ చెప్పిందే వేదం.

"కొట్టంలో కూర్చుని నువ్వే చెక్కుకొచ్చావా ఏంటి హోలిస్?" అన్నాడు డెల్మార్, అందరూ వినేలా.

"మొదలు తడిమి చూడు. ఈటె కర్రకి కట్టిన నరం తెగకుండా ఎంత నున్నగా నూరారో!"

"నూరడానికి మీ ఇంట్లో ఆకురాయి లేదా?"

అందరూ నవ్వారు. పరీక్ష చేస్తానని డెల్మార్ ములికిని తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత అడిగితే, "ఆ చెత్తా? ఏట్లో పారేశా" అన్నాడు.

హోలిస్‌కి దొంగ రాళ్ళు చెక్కేవాడని పేరు పడింది. వాన వెలిసినప్పుడల్లా పొలంలో తల వంచుకుని తిరిగేవాడు. చివరికి ఆ చెవి ముక్క దొరికింది. తెచ్చి వెల్మా చేతిలో పెట్టి, "ఇప్పుడిది ఎవరికి చూపించనే?" అన్నాడు. ఆ మచ్చతోనే పోయాడు. డెల్మార్ పెద్ద పూలగుత్తి పంపించాడు. వెల్మా దాన్ని పందులకి వేసింది.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో జరిగిన సంతలో డెల్మార్ బల్ల మీద ఆ ములికి నా కంటపడింది. తాతగారి పొలంలో దొరికిందని చెప్పుకుంటున్నాడు. పరుగున వెళ్ళి వెల్మాకి చెప్పాను. ఆమె చర్చికి వేసుకెళ్ళే గౌను వేసుకుని వచ్చింది.

"డెల్మార్, ఇది పాతదని ఎలా గుర్తుపడతారయ్యా?" అంది, ఏమీ తెలియనట్టు.

జనం మూగారు. డెల్మార్ పొంగిపోయాడు. "మొదలు నూరి ఉంది, చూడు. మొద్దుబారినప్పుడల్లా సానపట్టడంతో ఈ అంచు ఏటవాలుగా అరిగింది. పైనంతా మట్టిలో నాని తెల్లబడింది. విరిగినచోట మాత్రమే లోపలి నలుపు కనబడుతుంది."

"విరిగిందెలా?"

"మా తాత నాగలి తగిలి. ఆ ముక్క ఎప్పుడో పోయింది."

"అసలైనదేనా?"

"బైబిల్ మీద ఒట్టు!"

వెల్మా నశ్యం డబ్బా తెరిచి, హోలిస్ ఇచ్చిన చెవి ముక్క తీసి ములికికి ఆనించింది. వెంట్రుక సందు లేకుండా అతుక్కుంది.

"మీ తాత నాగలికి మా పొలంలో ఏం పనిరా?" అంది.

ఎవరూ నవ్వలేదు. డెల్మార్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

మర్నాడు టోపీ చేతబట్టుకుని ఆమె వరండాకి వచ్చాడు. "క్షమించు వెల్మా."

"నాకెందుకు చెబుతావు? నా మొగుణ్ణి దొంగన్న చోట నిలబడి చెప్పు."

సంఘం మళ్ళీ కూడినప్పుడు చెప్పాడు. టోపీలోకి చూస్తూ గొణిగాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న వెల్మా చివరిదాకా విని, "వెనకవాళ్ళకి వినబడలేదు. మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాడు.

తిరిగొస్తూ, మనసు చల్లబడిందా అని అడిగాను.

"లేదు. కానీ చాన్నాళ్ళకి ఆకలేస్తోంది" అంది.