పప్పు ఉడికిన నీళ్లు

2022 ఫిబ్రవరిలో హోసూరులోని మా నీటి పరీక్షశాలకు మత్తూరు దగ్గరి పల్లె నుంచి రెండు సీసాలు వచ్చాయి. ఒకదానిమీద ‘మంచిది’, రెండోదానిమీద ‘చెడ్డది’ అని రాసి ఉంది. తెచ్చిన రైతు పేరు మునియప్ప. మంచిది కొత్త బోరు నీళ్లు, చెడ్డది పాత బోరువి. శుక్రవారం పాత బోరు మోటారు పీకించి, ఇంటికీ టమాటా తోటకూ కొత్త నీళ్లే పెట్టాలని అతని ఆలోచన.

ఫలితాలు తిరగబడ్డాయి. ‘మంచిది’లో ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మిల్లీగ్రాములు. తాగే నీటిలో 1.5 దాటకూడదు. ‘చెడ్డది’లో 0.7 మాత్రమే. సీసాలు మారాయేమోనని మళ్లీ చేశాను. అవే అంకెలు. గురువారం పొద్దున బస్సెక్కి వెళ్లి, రెండు బోర్ల దగ్గరా నేనే నీళ్లు పట్టి కిట్‌తో చూశాను. మార్పేమీ లేదు.

మునియప్ప తల్లి రంగమ్మ ఒప్పుకోలేదు. “పాత నీళ్లల్లో పప్పు ఎంతసేపు పెట్టినా రాళ్లేనమ్మా. ఈ నీళ్లల్లో రెండు విజిల్లకే వెన్న. ఇది చెడ్డదంటే యాడి న్యాయం?”

“పప్పుకు మంచిదే అక్కా. నీ మనవరాలి పళ్లకు కాదు.”

పాపకు ఐదేళ్లు. రావలసిన పళ్లు చిగుళ్లలో తయారయ్యే వయసు. ఇప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే అవి మరకలతోనే వస్తాయి. పప్పును ఉడకనివ్వనిది హార్డ్‌నెస్, అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. పాత నీళ్లలో అది ఎక్కువే అయినా హద్దులోనే ఉంది. కొత్త నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. అలాంటి నీళ్లలోకి రాతిలోని ఫ్లోరైడ్ సులువుగా దిగుతుంది.

“తోటకన్నా పెట్టుకోవచ్చు కదమ్మా?” అన్నాడు మునియప్ప.

“వద్దప్పా. ఆ సోడియంకు మట్టి బిగుసుకుపోతుంది.”

“అంతా సరే, పప్పు సంగతేంది?” అంది రంగమ్మ.

ఆమెకు జవాబు దొరక్కపోతే మర్నాడు మోటారు పైకొస్తుంది. పాత నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, అందులోని కాల్షియం సుద్దలాంటి తెల్లటి పొడిగా అడుగుకు దిగాక పైతేట వంచి, ఆ నీళ్లతో కుక్కర్లో పప్పు పెట్టించాను. నాలుగు విజిల్లు. రంగమ్మ ఒక పలుకు తీసి వేళ్ల మధ్య నలిపింది.

“ఉడికింది. నీ చదువు వంటకన్నా పనికొచ్చిందిలే” అని, కొడుకువైపు తిరిగింది. “రేపు రావద్దని మోటారాయనకు చెప్పురా.”

అప్పటినుంచి సీసా మీద మంచిది, చెడ్డది అని రాస్తే తీసుకోను. ఆ నీళ్లు దేనికి వాడతారో రాయమంటాను. మరుసటి ఫిబ్రవరిలో మునియప్ప తెచ్చిన సీసాల మీద ‘తాగేది’, ‘బట్టలది’ అని ఉంది. తాగేదానిలో ఫ్లోరైడ్ 0.7.